లోపలిది చూడని తాళంకప్ప

నేను ఒక తాళంకప్పను. అనుమానం నా కులవృత్తి. మనుషులు ఒకరినొకరు నమ్ముకుని బతికితే నన్ను పోతపోసేవాడే ఉండడు. అందుకే ఎవరైనా ఫలానావాడు చాలా మంచివాడంటే ముందు వాడి చేతులు చూస్తాను. మీ చేతులు కూడా చూశాను. ఏమనుకోకండి, అలవాటు.

పుట్టింది అలీగఢ్‌లో, ఇత్తడితో. రెండు తాళంచెవులతో రైలెక్కి, లారీ ఎక్కి, చివరికి రేగులపాడు కిరాణా వీరేశం చేతికి వచ్చాను. ఆయన దుకాణం కట్టేసేటప్పుడు నన్ను గుంజి చూసేవాడు, మూలమలుపు దాకా వెళ్లేవాడు, మళ్లీ వచ్చి గుంజి చూసేవాడు. ఆ మనిషంటే నాకు గౌరవం. ఒకసారి తాళంచెవి ఒకటి పోతే బావమరిదిని అనుమానించి మాటలు మానేశాడు, ఇంకా పెద్ద తాళం కొన్నాడు. నన్ను పారేయడానికి చేతులు రాక ఊరి బడికి దానం చేశాడు. ఆ ఏడాది బడి వార్షికోత్సవంలో మైకులో పేరు చెప్పించుకుని శాలువా కూడా కప్పించుకున్నాడు. పాత తాళం ఇచ్చి శాలువా కప్పించుకున్నవాడిని నేను మరొకడిని చూడలేదు.

బడిలో నన్ను సామాన్ల గదికి వేశారు. పిల్లల మధ్యాహ్న భోజనానికి బియ్యం, పప్పు, కోడిగుడ్లు, ఇంకా డ్రమ్ము, జెండా కర్ర అందులోనే ఉంటాయని విన్నాను. విన్నానే కానీ చూడలేదు. నేను తలుపు బయట వేలాడేదాన్ని. ఏళ్ల తరబడి కాపలా కాసినా లోపల ఏముందో నాకు తెలియదు. తెలియని చోటే కదా అనుమానం ఏపుగా పెరిగేది.

మిగిలిన ఒక్క తాళంచెవి వంట మణెమ్మ కొంగున ఉండేది. ఆమె చేతులకు ఎప్పుడూ ఉల్లిగడ్డ వాసన. ఇంటికి వెళ్లేముందు ఎవరూ అడగకపోయినా తన సంచీని తిరగేసి, వరండాలోనే దులిపి, మడిచి చంకలో పెట్టుకునేది. బడి పెద్దసారు జనార్దన్ "ఎందుకు మణెమ్మా ఇదంతా" అనేవాడు. ఆమె నవ్వి "ఉండనియ్యిండ్రి సార్, నాకు నిమ్మళం" అనేది. ఇంత నిజాయితీ ఎవరికి చూపిస్తోందా అని నాకు అనుమానంగా ఉండేది.

ఏప్రిల్ చివర, బడికి వేసవి సెలవులు ఇచ్చే రోజునే వార్షికోత్సవం పెట్టుకుంటారు. రేగులపాడులో ఒక ఆనవాయితీ ఉంది. స్టేజీ వెనక తెర కొనరు. ఊరి ఆడవాళ్లు తమ పట్టుచీరలు ఇస్తే వాటిని వరసగా కడతారు. ఎవరి చీర నడుమ కడతారన్న దాని మీద నెల రోజులు అలకలు సాగుతాయి. ఈసారి నడుమ చోటు బడి కమిటీ ఛైర్మన్ శకుంతలది. పెళ్లినాటి గద్వాల చీర, మాసిపోతుందని పాత పంచెలో చుట్టి మరీ ఇచ్చింది. అన్నీ తెచ్చి నా వెనక పెట్టారు.

ముందురోజు సాయంత్రం నాటకం రిహార్సల్. నాలుగో తరగతి అఖిల దొర వేషం కట్టింది. పిల్ల పొన్నగంటి కాడంత సన్నం, దొరకేమో బొజ్జ కావాలి. గిన్నెలు తోముతున్న మణెమ్మను అడిగి జనార్దన్ సారు తాళంచెవి తీసుకున్నాడు. కరెంటు లేదు. సారూ పిల్లా గదిలోకి వెళ్లారు. కాసేపటికి సన్నగా వెళ్లిన పిల్ల లావుగా బయటికి వచ్చింది. నాకు వెంటనే అనుమానం వచ్చింది. అది నాటకమని అందరూ నవ్వుతుంటే ఊరుకున్నాను. రిహార్సల్ అయ్యాక ఆ బొజ్జను విప్పకుండా, గుడ్డలు కుక్కిన దిండు గలీబుతో సహా తలుపు వెనక మేకుకు తగిలించారట.

తెల్లవారి చీరలు తీస్తే శకుంతల చీర లేదు.

గది గదంతా బయటికి వచ్చింది. బియ్యం బస్తాలు కదిపారు, డ్రమ్మును ఊపి చూశారు. మేకుకు వేలాడే బొజ్జను మాత్రం ఎవరూ ముట్టలేదు, అది దొరది కదా. తర్వాత అందరి చూపులూ నా మీదికి వచ్చాయి. నేను చెక్కుచెదరలేదు. నా మీంచి ఆ చూపులు తాళంచెవి మీదికి, దాన్ని కట్టుకున్న కొంగు మీదికి వెళ్లాయి.

"నువ్వే తీసినవని ఎవ్వరంటలేరు మణెమ్మా," అంది శకుంతల. "తాళంచెవి నీ దగ్గరనే ఉంటది గద, అందుకని అడుగుతున్న."

"నేను ముట్టలేదక్కా. గంత చీర కట్టుకొని నేనేడికి పోత?"

"కట్టుకునేటందుకే తీస్తరా ఎవరైనా?"

తాళంచెవి తాను కూడా తీసుకున్న సంగతి జనార్దన్ సారుకు ఎందుకో గుర్తు రాలేదు. వచ్చినా, తన చేతులను తాను అనుమానించే మనిషిని నేనింతవరకు చూడలేదు. సాయంత్రం కార్యక్రమం అయ్యాక కమిటీ కూర్చోవాలని, జూన్ నుంచి వంటకు ఇంకొకరిని పెట్టుకోవాలని అక్కడే అనుకున్నారు. మణెమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లింది. ఆ రోజు పిల్లలందరికీ బగారన్నం, గుడ్ల పులుసు. ఆమె గుడ్లు తీసుకోవడానికి వస్తే ఒక టీచరు తలుపు దగ్గర నిలబడి చూసింది. నిజం చెప్పాలంటే ఆ పూట నేను కూడా ఆమె చేతులనే చూశాను. ఎప్పటిలాగే ఉల్లిగడ్డ వాసన.

ఆమె అన్నం కలుపుతుండగానే శకుంతల, జనార్దన్ సారు, ఇంకో ఇద్దరు ఆమె ఇంటికి వెళ్లి వచ్చారు. ట్రంకుపెట్టె వెతికారట, బియ్యం కుండలో చెయ్యి పెట్టి చూశారట, చనిపోయిన భర్త చొక్కాలు కూడా విప్పి చూశారట. ఏమీ దొరకలేదు. మణెమ్మ గరిటె కింద పెట్టి వచ్చింది.

"నేను లేనప్పుడు ఇంట్లకు పోయిండ్రా సార్?"

"తాళం లేకుండె మణెమ్మా," అన్నాడు సారు నేల చూస్తూ. "తలుపు ఉత్తగనే దగ్గరికి వేసి ఉండె."

ఆమె వెనక్కి వెళ్లి మళ్లీ గరిటె అందుకుంది.

సాయంత్రం కార్యక్రమం మొదలైంది. స్టేజీ నా ఎదురుగానే. తెర నడుమ చీర లేక పన్ను ఊడిన నోరులా ఉంది. జనార్దన్ సారు ఏడాది సంగతులు చదివాడు. ఖోఖోలో ఆడపిల్లలు మండలంలో గెలిచారు. బడికి నల్లా వచ్చింది, నీళ్లు ఇంకా రాలేదు. నాటిన మొక్కలన్నీ బాగున్నాయి, మేకలు తిన్నవి తప్ప. తర్వాత నాటకం. అఖిల బొజ్జ ఊపుకుంటూ వచ్చి, జీతగాడి మీద దొంగతనం మోపి, కర్ర ఎత్తి "నా సొమ్ము ఏడ దాచినవ్‌రా" అని గట్టిగా అరిచింది. ఆ అరుపుకు నడుముకు కట్టిన తాడు తెగింది. దిండు గలీబు జారింది. అందులోంచి పాత పంచె, పంచెలోంచి ఎర్రంచు గద్వాల చీర మడత మడతగా స్టేజీ మీద పరుచుకుంది.

ముందు వరసలోని ముసలమ్మ ఒకతి అంది, "సంకల పిల్లను పెట్టుకొని ఊరంత దేవులాడినట్టుంది." జనమంతా కడుపుబ్బ నవ్వారు. శకుంతల నవ్వింది. సారు కూడా నవ్వడానికి ప్రయత్నించాడు. వెనక నిలబడ్డ మణెమ్మ నవ్వలేదు. ఇల్లంతా వెతికినవాళ్లు ఇప్పుడెందుకు నవ్వుతున్నారో నాకు కూడా అర్థం కాలేదు.

కమిటీ కూర్చోలేదు. కూర్చోవడానికి ఏముంది, జూన్ నుంచి వంట మళ్లీ మణెమ్మే అన్నారు. "చీకట్ల ఏదో పొరపాటైంది, మనసుల పెట్టుకోకు," అన్నాడు సారు. క్షమించమని మాత్రం ఎవరూ అనలేదు. మనుషులకు తప్పు మోపడానికి ఎవరో ఒకరు కావాలి కాబట్టి, మర్నాడు సామాన్లు సర్దేటప్పుడు ఆ పని నాతో కానిచ్చారు. పాత తాళం, నమ్మకం లేదు, అందుకే ఇన్ని అనుమానాలు అన్నారు. మండలం నుంచి కొత్త తాళం తెచ్చి నన్ను పాత ఇనుప సామాన్ల తట్టలో వేశారు. నా ఇత్తడి ఒళ్లు మండిపోయింది. నేను ఒక్కరోజైనా ఊడానా?

మణెమ్మ కొత్త తాళంచెవి తీసుకుని కొంగున కట్టుకుంది. కట్టుకోక ఏం చేస్తుంది, బతకాలి. సెలవులకు ఇంటికి వెళ్తూ సంచి చంకన పెట్టుకుని నడిచింది. దులపలేదు. గుమ్మం దాటబోయి ఆగింది.

"సార్, ఆ పాత తాళం నాకియ్యిండ్రి."

"నీ ఇంట్ల ఏమున్నదే తాళమెయ్యనీకి?" అని సారు తెలియక అడిగాడు.

"ఏం లేదు సార్," అంది ఆమె.

ఇప్పుడు నేను మణెమ్మ తలుపుకు ఉన్నాను. ఒక చిన్న గది, ఒక ట్రంకుపెట్టె, ఒక బియ్యం కుండ, ఒక మనిషి చొక్కాలు. ఇన్నేళ్లలో లోపల ఏముందో నాకు తెలిసిన ఇల్లు ఇదొక్కటే, ఊరంతా చెప్పుకుంది కదా. ఇందులో దొంగ ఎత్తుకుపోవలసింది ఏమీ లేదు. ఆమె నన్ను వేసి, వీరేశంలాగే ఒకసారి గుంజి చూసి, బయటికి వెళ్తుంది. దొంగల భయం ఆమెకు ఎప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. వెతకడానికి వచ్చేవాళ్లు ఈసారి ఆమెను అడిగి లోపలికి రావాలి.