తల ఊపకు, గంట కొట్టు

ఎక్కడ స్థిరపడాలన్న విషయంలో మా ఇంట్లో అందరికీ ఒక అభిప్రాయం ఉండేది, నాకు తప్ప. నాకున్నది పట్టుదల. అభిప్రాయమైతే మార్చుకునేదానివి కదా అని మా ఆయన ఇప్పటికీ దెప్పుతుంటారు.

మా వదిన, అంటే మా ఆయన అక్క, మాకంటే పదేళ్లు ముందే ఈ దేశం వచ్చి పెద్ద నగరంలో ఉంటోంది. ఆవిడ వీధిలో నిలబడి ఒక్క కేకేస్తే నాలుగిళ్ల తెలుగువాళ్లు పలుకుతారు. "మా పక్క ఫ్లాటు నెలాఖరుకి ఖాళీ అవుతోందమ్మా. ఇంటాయనతో చెప్పి ఆపి ఉంచాను. మీరు ఊఁ అంటే చాలు" అని రోజూ ఫోను. మా ఆయనది ఆసుపత్రుల్లో స్కానింగు యంత్రాలు బాగుచేసే పని. వారంలో నాలుగు రోజులు రోడ్డు మీదే గనక ఎక్కడ కాపురం పెట్టినా ఆయనకొకటే. కాకపోతే అక్క మాట తీసెయ్యలేరు.

నా సంగతి వేరు. నేను ఫార్మసిస్టుని. ఇక్కడి పరీక్షలన్నీ గట్టెక్కేలోపు నాలుగేళ్లు ఆ నగరంలోనే మందుల గోదాములో నిలబడి డబ్బాలకు చీటీలు అంటించాను. గట్టెక్కాక కూడా అక్కడ నాకిస్తామన్నది అదే గోదాము, ఈసారి కూర్చోడానికి కుర్చీతో. మనిషి మొహం చూసి మందు చేతికిచ్చే కౌంటరు ఇస్తానన్నది ఈ చిన్న ఊళ్లో మందుల దుకాణం పెద్దాయన ఒక్కడే. అదీ ఆరు నెలలు చూసి, ఆ తర్వాతే ఖాయం చేస్తానన్నాడు. నేను చదివింది ఆ కౌంటరు కోసం. కుర్చీ కోసం కాదు.

అసలు చిక్కు భాషతో వచ్చింది. ఈ దేశంలో ప్రభుత్వం రాసేది ఒక భాష, ఈ ప్రాంతంవాళ్లు మాట్లాడేది ఇంకో భాష. మొదటిదాన్ని మేం ఇంట్లో కాగితం భాష అంటాం, రెండోదాన్ని ఊరి భాష. కాగితం భాషలో నాకు పటం కట్టించుకోదగ్గ మార్కులు వచ్చాయి. ఊరి భాషలో నమస్కారం, వాన, తలనొప్పి, ఈ మూడే వచ్చు. ఈ సంగతి తెలిసినప్పుడు వదిన ఫోనులోనే తల పట్టుకుంది.

"మళ్లీ ఇంకో భాషా? మా తమ్ముడికి తెలుగే సరిగ్గా రాదు కదమ్మా" అంది.

దుకాణంలో రెండు కౌంటర్లు. పెద్దాయన ముందు వరస గుమ్మం దాటేది. నా ముందు ఈగ కూడా వాలేది కాదు. "తర్వాతివారు రండి" అని కాగితం భాషలో పిలిస్తే, వరసలోవాళ్లు నాకేసి మర్యాదగా నవ్వి, పెద్దాయన వైపే ఇంకో అడుగు జరిగేవారు. ఒళ్లు మండేది. ఆ మంట ఎవరి మీద చూపించాలో తెలియక దగ్గుమందు సీసాలు ఓసారి ఎత్తుల ప్రకారం, ఓసారి రంగుల ప్రకారం సర్దేదాన్ని.

"నాకు వయసైపోయింది. వీళ్లు నీ దగ్గరికి వస్తేనే నువ్వు నాకు పనికొస్తావు. రాకపోతే నీ ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద సంతకం పెట్టలేను" అన్నాడు పెద్దాయన. ఉన్నమాటే అన్నాడు కాబట్టి నాకు కోపం కూడా రాలేదు.

ఆరో నెల మొదట్లో ఒకరోజు నీలికోటు ముసలమ్మ వచ్చింది. ఎండైనా వానైనా ఆ కోటు విప్పదు. పెద్దాయన వరస మరీ పెద్దదిగా ఉందేమో, కాళ్లు లాగుతున్నాయేమో, తిన్నగా నా దగ్గరికే వచ్చి డాక్టరు చీటీ పెట్టింది. నా ఆనందం ఇంతా అంతా కాదు. పెద్దాయన అటునుంచి ఊరి భాషలో ఏదో గబగబా చెప్పాడు. నేను బుద్ధిమంతురాలిలా తల ఊపాను.

చీటీలో ఉన్నవి కీళ్లనొప్పుల మాత్రలు, వారానికి ఒక్కటే వేసుకోవలసినవి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. నేను కాగితం భాషలో, పరీక్షలో చెప్పినంత స్పష్టంగా చెప్పాను. "వారానికి ఒకటి. సోమవారం మాత్రమే. అర్థమైందా?" ఆవిడ తల ఊపింది. పొట్లం కోటు జేబులో వేసుకుని వెళ్లిపోయింది.

నాలుగో రోజున నోరంతా పూసి, మాట పెగలక, కూతురి భుజం పట్టుకుని వచ్చింది. మూడు మాత్రలు లేవు. పెద్దాయన అప్పటికప్పుడు ఆసుపత్రికి ఫోను చేసి పంపించాడు. తలుపు మూసుకున్నాక నా వైపు తిరిగి కాగితం భాషలో, నాకు అర్థమయ్యేలా, నిదానంగా అన్నాడు.

"ఆవిడకి ఈ భాష రాదు, నా దగ్గరికి పంపు అని ఆరోజే చెప్పాను. నువ్వు తల ఊపావు."



ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పి ఏడ్చాను. ఆయన నీళ్లు తెచ్చిచ్చి, "మర్చిపోయానని చెప్పు. మర్చిపోవడం అందరికీ ఉంటుంది. భాష అర్థం కాలేదన్నావంటే రేపే పంపించేస్తాడు" అన్నారు. సాయంత్రం వదినకూ తెలిసింది. "మనకెందుకమ్మా ఈ ప్రాణాలతో చెలగాటం. హాయిగా ఇక్కడికొచ్చెయ్యండి" అంది. తప్పుడు మాటేం కాదు. అందుకే ఇంకా బాధేసింది.

ఆ తల ఊపుడు నాకు ఇక్కడ అబ్బింది కాదు. మా బళ్లో నలభై మందిమి. మాస్టారు బోర్డు నింపి "అర్థమైందా?" అంటే నలభై గొంతులూ "అర్థమైంది సార్" అనేవి. కాలేదన్నవాడు గంట అయిపోయేదాకా నిలబడాలి. అలా గంగిరెద్దులా తలూపుతూనే డిగ్రీ చేశాను, విమానం ఎక్కాను. నీలికోటు ముసలమ్మ తల ఊపినప్పుడు అది నా తలే అని పోల్చుకోవద్దూ? నా కౌంటరుకి ఒక మనిషి వచ్చిందన్న సంబరంలో కళ్లు మూసుకుపోయాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

పొద్దున్నే తాళాలు తీస్తున్న పెద్దాయన దగ్గర నిలబడి చెప్పేశాను. "మర్చిపోలేదు. మీరు చెప్పింది నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థమైనట్టు తల ఊపాను. తప్పు నాదే, ఆవిడది కాదు."

"ఇన్ని నెలల్లో ఎన్నిసార్లు ఊపావు ఇలా?"

"లెక్క లేదు."

ఆయన లోపలికెళ్లి, అడుగు సొరుగులోంచి ఒక పాత ఇత్తడి గంట తెచ్చి నా కౌంటరు మీద పెట్టాడు. పైన బొడిపె నొక్కితే టింగుమంటుంది.

"ఇకమీదట తల ఊపకు. అర్థం కాకపోతే ఇది కొట్టు. నేనైనా, ఎవరైనా, ఎంతమంది ఉన్నా సరే. నెలాఖరున నీ సంగతి చూస్తాను."

ఆరోజునుంచి పెద్దాయన తన వరసలోంచి కొందరిని నా వైపు పంపాడు. మొదటిరోజు నలభై ఒక్కసార్లు కొట్టాను. నవ్వినవాళ్లు నవ్వారు, విసుక్కున్నవాళ్లు విసుక్కున్నారు. ఒక టోపీ ఆయన గంట మోగినప్పుడల్లా ఉలిక్కిపడి టోపీ సర్దుకున్నాడు. నాకు పౌరుషం వచ్చింది. పరువు ఎలాగూ పోయింది, భాష అయినా రావాలి కదా అనుకున్నాను. టింగుమన్న ప్రతి మాటా చీటీ మీద రాసుకుని ఇంటికి తెచ్చేదాన్ని. వంటింటి గోడ నిండా భోజనానికి ముందు, భోజనం తర్వాత, నమలకూడదు, పడుకునే ముందు, మంట, దురద, వాంతి. కూర వేయించేది నేను, అప్పజెప్పించుకునేది మా ఆయన. దురద అన్న మాట ఆయనకే ముందు వచ్చేసింది, దానికి మూడు రోజులు గొప్పలు పోయారు.

రెండో వారానికి రోజుకి ముప్ఫై. మూడో వారానికి పన్నెండు. ఈలోపు నా గంట సంగతి ఊరంతా పాకింది. ఆసుపత్రిలో నీలికోటు ముసలమ్మ కోలుకుందని తెలిసి వెళ్లాను. కూర్చోబెట్టి నాకు వారాల పేర్లు చెప్పిందనో, క్షమించిందనో అనుకునేరు. గోడవైపు తిరిగి పడుకుంది. నేనైనా అదే పని చేసేదాన్ని.

నెలాఖరు రోజు రానే వచ్చింది. ఆ సాయంత్రానికి ఫ్లాటు సంగతి వదినకు తేల్చి చెప్పాలి. మధ్యాహ్నం వాన. దుకాణంలో ఎవరూ లేరు. పెద్దాయన తన కౌంటరు దగ్గర ఖాళీగానే ఉన్నాడు. తలుపు తెరుచుకుని నీలికోటు లోపలికి వచ్చింది.

ఆయన్ని చూసింది. నన్ను చూసింది. చాలాసేపు కోటు మీది వాననీళ్లు దులుపుకుంది. తర్వాత వచ్చి నా ముందు చీటీ పెట్టింది. అవే మాత్రలు, మోతాదు తగ్గించి, వాటితోపాటు కొత్తగా ఇంకో రకం. ఊరి భాషలో, నాకొచ్చినంతలో, తప్పులతోనే చెప్పాను. తెల్లది వారానికి ఒకటి, సోమవారం. పచ్చది రోజూ, సోమవారం తప్ప.

ఆవిడ తల కొంచెం కిందికి వంగింది. ఊపబోతోందనుకున్నాను.

ఊపలేదు. ముడతల చెయ్యి కోటులోంచి బయటికి తీసి, నా గంట మీద పెట్టి, నొక్కింది.

టింగుమంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. మళ్లీ చెప్పాను. మళ్లీ కొట్టింది. మూడోసారి రోజుకో గడి చొప్పున ఏడు గళ్లున్న మందుల డబ్బా తీసి, ఒక్కో గడి చూపిస్తూ చెప్పాను. అప్పుడు ఆవిడ నా మాటలు సరిచేస్తూ, తనే మొదటినుంచి చివరిదాకా అప్పజెప్పింది. ఒక్క తప్పు లేదు. పెద్దాయన మా వైపు చూడనే లేదు, నా కాగితం ముందు పెట్టుకుని, పెన్ను కోసం జేబులు వెతుక్కుంటున్నాడు.

సాయంత్రం వదినకు ఫోను చేశాను.

"వదినా, ఆ ఫ్లాటు ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని చెప్పండి. మేం ఇక్కడే ఉంటున్నాం."

"మావాడు ఒప్పుకున్నాడా?" అంది.

"తల ఊపారు."

"ఇంకేం మరి."

"తల ఊపితే నేను నమ్మను వదినా. ఎదురుగా కూర్చోబెట్టి, నోటితో మూడుసార్లు చెప్పించుకున్నాను."