ఊహ నొప్పి

ఉతికిన దుప్పటి దులుపుతుంటే ఎడమ భుజం కింద మళ్ళీ పట్టేసింది. ఒళ్ళంతా చెమటలు. గోడకానుకుని నిలబడ్డాను.

"మొదలైందా?" అన్నారాయన, టీవీ మీంచి చూపు తిప్పకుండానే. "పనెక్కువైన రోజే దీనికి నొప్పులూ ఎక్కువవుతాయి," లోపల్నుంచి అత్తయ్య.

అంతకుముందు ఒకసారి డాక్టర్ దగ్గరికి ఆయనే తీసుకెళ్ళారు. ఆవిడా ఆడమనిషే. నేను నోరు తెరవగానే ఆయన అందుకున్నారు: "ప్రతిదీ ఊహించుకుంటుందండీ." ఆవిడ ఆయనవైపే చూసి తలాడించి, నాకు నిద్రమాత్రలు రాసింది. కిందటేడు మరిదికి ఛాతీ పట్టేసినప్పుడు మాత్రం ఇల్లంతా చెప్పులైనా వేసుకోకుండా కారెక్కింది. తీరా తేలింది పులితేన్పులని. ఎవరూ నవ్వలేదు. "మగపిల్లాడు, ఊరికే అంటాడా?" అంది అత్తయ్య.

వినగా వినగా నేనూ వాళ్ళలో కలిసిపోయాను. నొప్పొస్తే, నిజంగా వచ్చిందా అని నన్ను నేనే నిలదీసుకునేదాన్ని. నేను పనిచేసే బ్యాంకులో, నేను చెప్పిన వడ్డీని పక్క సీటాయన్నడిగి ఖాయం చేసుకునేవాళ్ళని చూస్తే మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు వాళ్ళకంటే ముందు నేనే "ఒకసారి చూడండి సార్" అంటున్నాను. దుప్పటి దులిపిన రోజు సాయంత్రమే పాలు విరిగాయి. వాసన నా ముక్కుకి తెలుస్తూనే ఉంది. అయినా గిన్నె పట్టుకెళ్ళి అత్తయ్యకి చూపించి, ఆవిడ అవునన్నాకే పారబోశాను. గిన్నె తోముతుంటే భయమేసింది. ఇంతమందిలో నా పక్షాన చెప్పడానికి నేను కూడా లేను.

మర్నాడు సెలవు పెట్టి, ఒక్కదాన్నే మరో ఆసుపత్రికెళ్ళాను. ఈసీజీ చూసిన డాక్టర్ తన కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు.

"ఇదివరకెప్పుడో మీకు గుండెపోటు వచ్చి పోయిందమ్మా. ఎవరూ చూడలేదా?"

చూశారు. ఇంటినిండా చుట్టాలున్న రోజు, వంటింటి గట్టు పట్టుకుని నేను వంగిపోతుంటే "వడ్డన తప్పించుకోడానికి నాటకం" అని నవ్వారు. నేనూ నవ్వి, లేచి వడ్డించాను.

భయం తర్వాతొచ్చింది. ముందు మాత్రం, సిగ్గులేకుండా, సంతోషమేసింది. నేను అబద్ధమాడలేదు.

వెంటనే చేరాలన్నాడు డాక్టర్. ఇంటికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"నిజంగానేనా?" అన్నారాయన. "ఏదీ, డాక్టర్‌కివ్వు ఫోను."

అలవాటుగా ఫోన్ చాచాను. డాక్టర్ కూడా చెయ్యి చాచాడు. మళ్ళీ నా చెవి దగ్గరే పెట్టుకున్నాను.

"నేను చెప్పాను కదా," అన్నాను.