నాలుక కింద ఐదు నిమిషాలు

నాలుక కింద చల్లని మొన.

ఐదు నిమిషాలు. కదలకూడదు. లేవకూడదు. నోరు విప్పకూడదు.

బాల్కనీలో కాకి దండెం మీది తీగ హ్యాంగరును లాగుతోంది. మార్చి నెల కదా... ఈ ఊరి కాకులు గూడు కట్టేది హ్యాంగర్లతోనే. నత్సునో చప్పుడు విన్నది గానీ అదిలించలేదు. నోట్లో థర్మామీటరు ఉంది.

పీక్ మంది. 36.21. గళ్ల కాగితం మీద ఇంకో చుక్క.

మూడేళ్లుగా ఇంతే.

కొన్నాళ్లు కింది చుక్కలు. తర్వాత ఒక్కసారిగా మెట్టెక్కినట్టు పై చుక్కలు. ఆ మెట్టుకు ముందురోజు అండం విడుదలయ్యే రోజని క్లినిక్‌లో డాక్టరమ్మ చెప్పింది. బిడ్డ కావాలంటే ఆ రోజూ, దానికి ముందు మూడు నాలుగు రోజులూ చూసుకోవాలి. బాగానే ఉంది. కానీ మెట్టెక్కితే గానీ తెలియదే, నిన్నటిదే ఆ రోజని! బస్సు వెళ్లిపోయాక దాని వెనక బోర్డు చదువుకున్నట్టు. అందుకని పాత నెలలు చూసి ముందే ఊహించుకోవాలి. ఊహించింది. తప్పింది. మళ్లీ ఊహించింది.

ఏప్రిల్ రెండుకి ఆమెకు నలభై. నలభై నిండితే ఈ కాగితం మడిచేద్దామని మొగుడూ పెళ్లాం ఒక మాట అనుకున్నారు.

అంటే ఈ మార్చే ఆఖరు.

మొగుడు యసుతక రైలు నడుపుతాడు. కొన్ని రాత్రులు పడక డిపోలోనే. ఇన్నాళ్లూ ఆ రోజు వచ్చిందంటే నత్సునో ఫోనులో సందేశం పెట్టేది — ఇవాళ తొందరగా రా. వచ్చేవాడు. రైలు నడిపేటప్పుడు వేసుకునే తెల్ల తొడుగులు చేతికి ఇంకా ఉన్నట్టే, డ్యూటీకి వచ్చినట్టే వచ్చేవాడు. ఆ ముఖం చూడలేక ఈ నెల సందేశం మానేసింది. ఫ్రిజ్ మీది క్యాలెండర్లో పన్నెండో తేదీ చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టింది.

చూస్తాడు. అర్థం చేసుకుంటాడు.

చూశాడు.

అది టౌను ఆఫీసు పంచిన చెత్త క్యాలెండరు. కాల్చే చెత్త మంగళ, శుక్రవారాలు. సీసాలు రెండో గురువారం. ఈ ఇంట్లో చెత్త బయట పెట్టే పని యసుతకది. పన్నెండు, బుధవారం మీద సున్నా కనిపిస్తే, ఈ వారం రోజు మారింది కాబోలనుకున్నాడు పాపం. పొద్దున్నే సంచి మోసుకెళ్లి వీధి మూల పెట్టి, అటునుంచటే డిపోకి పోయాడు. ఆ రాత్రి పడక అక్కడే.

కాసేపటికి పక్కింటి కురమొచి గారు తలుపు తట్టింది. డెబ్బై దాటిన మనిషి. ఈ నెల చెత్త మూల చూసుకునే వంతు ఆవిడది. చేతిలో చిరిగిన సంచి, దానికి తప్పు రోజున పెట్టారని అంటించిన ఎర్ర చీటీ.

"బుధవారం చెత్త పెడతారటమ్మా ఎవరైనా? కాకులు రాకుండా పైన వల కూడా వెయ్యలేదు. అవి పండగ చేసుకున్నాయి."

మా ఆయన క్యాలెండరు చూసి... అంటూ నత్సునో వెనక్కి తిరిగింది. ఫ్రిజ్ మీద సున్నా. అప్పుడు తెలిసింది. కురమొచి గారు కూడా ఆమె భుజం మీదుగా చూసింది. పక్కనే అంటించిన గళ్ల కాగితం మీద చుక్కలూ చూసింది. సంచికున్న ఎర్ర చీటీని తనే పీకి ఆప్రాన్ జేబులో వేసుకుంది.

"నేనైతే ఈ లెక్క బియ్యం డబ్బా మూత లోపల గీసుకునేదాన్నమ్మా," అంది.

ఆవిడ ఇంటి గుమ్మంలో ఎప్పుడూ ఒక్క జత చెప్పులే ఉంటాయి.

నత్సునోకి నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ఎక్కువసేపు కాదు. చెత్తను కొత్త సంచిలోకి మార్చి చేతులు కడుక్కుంది.

గురువారం యసుతక వచ్చాక సంగతి చెప్పింది. అతను ఫ్రిజ్ దగ్గరికెళ్లి సున్నా మీద వేలు పెట్టాడు.

"నోటితో చెప్పొచ్చుగా."

"చెబితే డ్యూటీకొస్తావు."

అతను రబ్బరు వెతికి తెచ్చి సున్నా తుడిచేశాడు.

గురువారం 36.19. శుక్రవారం 36.22. శనివారం 36.18.

మెట్టు రాలేదు, అంటే ఆ రోజింకా దాటలేదు. ఊహ తప్పింది... తప్పడమే మేలయింది.

శనివారం సాయంత్రం వాన. కాకి ఏడు హ్యాంగర్లు ఎత్తుకుపోయింది, ప్లాస్టిక్‌వి కొనుక్కొద్దామని ఇద్దరూ బయల్దేరారు. గొడుగు ఒకటే. దారిలో అతను రైలుకు అడ్డొచ్చిన జింక కథ చెప్పాడు. ఆమె చాలా రోజులకు కడుపుబ్బా నవ్వింది. క్యాలెండర్లో ఆ రోజు మీద ఏమీ లేదు. ఇంటికొచ్చాక ఎవరూ ఎవరినీ పిలవలేదు. తడిసిన బట్టలు తెల్లారేదాకా గుమ్మంలోనే ఉన్నాయి.

ఆదివారం 36.64.

మెట్టు.

ఇక వేరే లెక్క మొదలవుతుంది. పై చుక్కలు ఎన్నాళ్లు నిలుస్తాయా అని. ఎప్పుడూ పదమూడో రోజో, పద్నాలుగో రోజో జారిపోతాయి. మర్నాడు నెలసరి. జారకుండా నిలిస్తే కడుపు నిలిచినట్టే.

పది. పన్నెండు. పదమూడు — నిలిచింది. పద్నాలుగు — నిలిచింది. పదిహేను. నత్సునో ఎవరికీ చెప్పలేదు. ఇంటి మెట్లు కూడా మెల్లగా దిగుతోంది. ఆశపడకూడదని పొద్దంతా తనను తాను తిట్టుకుంటోంది, పొద్దంతా ఆశపడుతూనే ఉంది.

పదహారో రోజు. ఎల్లుండి నలభై.

నాలుక కింద చల్లని మొన.

పక్కన యసుతక మేలుకునే ఉన్నాడు. పైకప్పు వైపు చూస్తూ అన్నాడు:

"నేనూ లెక్కపెడుతున్నాను. పదహారు."

ఆమె కదల్లేదు.

"మూడేళ్లుగా లేవగానే నువ్వు మాట్లాడేది దానితోనే. అందులో ఎంతన్నా రానీ... ఇవాళ ముందు నాతో ఒక మాట మాట్లాడు. తర్వాత అంకె చూద్దువుగాని."

జవాబు చెప్పాలంటే నోరు విప్పాలి. విప్పితే కొలత పోతుంది.

ఇంకా రెండు నిమిషాలు. ఒకటి.

పీక్ మంది.

ఆమె దాన్ని తీసి, చూడకుండా, దుప్పటి మీద బోర్లా పెట్టింది.

"లేచావా," అంది.



"లేచాను," అన్నాడు.

బాల్కనీలో కాకి వాలింది. ప్లాస్టిక్ హ్యాంగరును ముక్కుతో పట్టి లాగింది, వదిలింది, మళ్లీ లాగుతోంది. ఇద్దరూ అది వింటూ పడుకున్నారు. దుప్పటి మీద థర్మామీటరు మొన... ఇంకా వెచ్చగా ఉంది.