నాలుగు పాయింట్ ఎనిమిది

అడాజన్ పేటలో వినోద వంట చేసే ఇంటివాళ్లు ఫ్లాటు మారుతున్నారు. కొత్త ఇంట్లో చోటు లేదని ఆ ఇంటావిడ హేతల్‌బెన్ తన స్టాండు ఝూలాను, అంటే ఇనుప స్టాండుకు వేలాడే ఉయ్యాలబల్లను, వినోదకు ఊరికే ఇస్తానంది. సాయంత్రంలోపు తీసుకెళ్లకపోతే పాత ఇనుప సామాన్లవాడికి వేసేస్తానని కూడా చెప్పింది.

ఆ ఝూలా మీద వినోద మనసు పడటానికి కారణం అత్త గంగవ్వ. ఆమె ఊళ్లో బతుకంతా గుంటమగ్గం తొక్కిన మనిషి. కొడుకు దగ్గరికి, నగరంలోని కోసాడ్ కాలనీకి వచ్చాక కాళ్లకు పని లేదు, కాళ్లు గుంజుతున్నాయని ఒకటే మూలుగు. ఒకసారి కోడలికి తోడుగా అడాజన్ వెళ్లి ఆ ఝూలా ఎక్కింది. ఆ పూటంతా కాళ్ల మాటే ఎత్తలేదు.

ఝూలా వెడల్పు నాలుగడుగుల తొమ్మిది అంగుళాలని హేతల్‌బెన్ చెప్పింది. వినోద తమ బాల్కనీకి గోడ నుంచి గోడకు టేపు పట్టి, యాభై ఎనిమిది అంగుళాలంది. భర్త లక్ష్మీరాజం ఫోనులో పన్నెండుతో భాగించాడు.

"నాలుగు పాయింట్ ఎనిమిది. అంటే నాలుగు ఫీట్ల ఎనిమిది ఇంచులు. ఒక్క ఇంచు తక్కువైంది, ఇగ ఇడిశిపెట్టు" అన్నాడు.

పొద్దస్తమానం లూముల దగ్గర బట్టను మీటర్లలో లెక్కగట్టే మనిషి, పాయింట్ కనబడితే ఇంక వెనకా ముందూ చూడడు. గడపలో కూర్చుని వింటున్న గంగవ్వ పాదాలు చీర కిందికి లాక్కుంది. అది చూసి వినోద ప్రాణం ఉసూరుమంది.

ఒక్క అంగుళం ఎక్కడికి పోయినట్టు? ఆమె మళ్లీ టేపు పరిచింది. అడుగు అడుగుకీ ఎర్ర గీత ఉంది. నాలుగో ఎర్ర గీత నుంచి గోడ దాకా వేలితో లెక్కపెడితే పది అంగుళాలు వచ్చాయి. టేపు పదంటోంది, ఫోను ఎనిమిదంటోంది. ఎవరి మాట నమ్మాలి? ఫోను తీసుకుని, బాగా తెలిసిన లెక్కతోనే దానికి పరీక్ష పెట్టింది. ఆరు అంగుళాలను పన్నెండుతో భాగించింది. సున్నా పాయింట్ ఐదు వచ్చింది.

"ఇగో, జర ఇటు చూడు. అద్ద ఫీటంటే ఆరు ఇంచులు గదా? ఇది ఐదని చూపిస్తుంది. ఫోను ఫీటును పది ముక్కలు చేస్తుంది, టేపుల పన్నెండున్నయి."

లక్ష్మీరాజం ఫోను చూశాడు, టేపు చూశాడు, తల గోక్కున్నాడు. తర్వాత టెంపో కోసం బయల్దేరాడు.

చీకటి పడేలోపు ఝూలా బాల్కనీలో సరిగ్గా ఇమిడింది. గంగవ్వ ఎక్కి కూర్చుంది. రెండు కాళ్లతో తన్నలేదు. ఒకసారి కుడి పాదం, ఒకసారి ఎడమ పాదం, మగ్గం తొక్కినట్టే తొక్కింది. చిన్నప్పుడు రోజూ ఆ మగ్గం చప్పుడుకే నిద్రపోయిన లక్ష్మీరాజం గుమ్మంలో అలాగే నిలబడిపోయాడు.

గంగవ్వ కొడుకు వైపు చూసి నవ్వింది.

"బట్టొక్కటే వస్తలేదు బిడ్డా" అంది.