పచ్చ ప్లేటు బండి

రూప్‌సింగ్‌కు పచ్చ ప్లేటు దయ్యం పట్టిందని చిన్నక్క అన్నదట. అన్నది చిన్నక్క, ఊరంతా మోసింది ఆమె హోటల్లో రోజూ టీ తాగే బొజ్జయ్య. పచ్చ నంబరు ప్లేటున్న కరెంటు కారు ఏది కనబడినా రూప్‌సింగ్ చేతిలో పని అక్కడే పడేసి రోడ్డు మీదికి పోతాడట, అది మలుపు తిరిగేదాకా కదలడట, వెనక్కి వచ్చి చేతులు కడుక్కుంటాడట. చిన్నక్క టీ హోటలు రోడ్డుకు అటువైపు, రూప్‌సింగ్ పంచర్ల షాపు ఇటువైపు. పొద్దంతా ఎదురెదురుగా ఉండేవాళ్లు కాబట్టి ఆమె మాటను కొట్టిపారేయడానికి లేదు. పైగా అందులో అబద్ధం దయ్యం ఒక్కటే.

ఆ మాట తన చెవిన పడే వేళకు రూప్‌సింగ్ నీళ్ల తొట్టి ముందు గొంతుక్కూర్చుని ట్రాక్టరు ట్యూబును ముంచుతున్నాడు. విని, బుడగలు లేచిన చోట వేలు పెట్టి ట్యూబును పైకి తీశాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. కుడిచేతి బొటనవేలికి గోరు లేదు, బొగ్గు లారీ రిమ్ము రింగు ఎగిరి ఎప్పుడో తీసుకుపోయింది. అరచేతి గీతల్లో దిగిన రబ్బరు నలుపు ఏ సబ్బుకూ లొంగదు. తల ఎప్పుడూ ఎడమ పక్కకు ఒరిగి ఉంటుంది. టైర్లకు చెవి ఆనించి ఆనించి మెడ అలా నిలిచిపోయింది. గాలి ఎక్కడ పోతోందో కనిపెట్టడానికి అతనికి తొట్టి అక్కర్లేదు. చెంప తడి చేసుకుని టైరు చుట్టూ తిప్పుతాడు, చల్లగా తగిలిన చోట సుద్దముక్కతో గీత పెడతాడు. ఆ గీత తప్పిందని ఆ రోడ్డు మీద ఒక్క డ్రైవరూ అనలేదు.

పుట్టింది కారేపల్లి పక్క తండాలో. పద్నాలుగేళ్లకు లారీ క్లీనరు. పెళ్లయ్యాక, తల్లాడ నుంచి కొత్తగూడెం పోయే రోడ్డు మీద అడవి మొదలయ్యే చోట ఈ రేకుల షెడ్డు వేసుకున్నాడు. భార్య ద్వాలి ఎండాకాలం తునికాకు కోస్తుంది, మిగతా రోజులు కూలికి పోతుంది. ముప్పై ఏళ్లలో అతను సంపాదించింది ఏమన్నా ఉందంటే ఆ చెవికి వచ్చిన పేరే.

ఆ బండి వచ్చింది నిరుడు కార్తీకంలో. తెల్లది, పచ్చ నంబరు ప్లేటుది. ఇంజను చప్పుడు లేదు, కంకర చక్రాల కింద నలిగిన చప్పుడొక్కటే వచ్చింది. దిగినాయన వెంకటరామారావు, పెనుబల్లి వైపు రైతు. పక్కన భార్య హైమ. దిగగానే మంచినీళ్లడిగింది. భద్రాచలం పోతున్నారు. ముందు ఎడమ చక్రంలో గాలి తగ్గిందని స్టీరింగు ముందు లైటు వెలుగుతోంది. కంటికి మాత్రం టైరు నిండుగానే ఉంది. రూప్‌సింగ్ చెంప తిప్పి, దబ్బనం మొనంత మేకును పట్టాడు. పెద్దాయన మురిసిపోయాడు. ఇంత ఖరీదు మిషనుకు చక్రం తెలిసింది గానీ చోటు తెలియలేదు, ఈయన చెవి ముందు అదెంత అని, టీ తెచ్చిన చిన్నక్కకు కూడా చెప్పాడు.

మేకు టైరు అంచుకు దగ్గరగా దిగింది. విప్పి లోపలి నుంచి అతుకు వేయాలి. మార్చడానికి ఆ బండికి స్టెప్నీ లేదు. ముప్పై ఏళ్లుగా చేసినట్టే రూప్‌సింగ్ వాల్వు పక్కన లివరు దూర్చి తొక్కాడు. లోపల ఏదో టిక్కుమంది. విప్పి చూస్తే, వాల్వు మొదట్లో అగ్గిపెట్టెంత నల్ల డబ్బీ నిలువునా పగిలి ఉంది. గాలి సంగతి లైటుకు చెప్పే సెన్సర్ అదేనని, ఇలాంటి బండ్లకు వాల్వు వైపు లివరు పెట్టకూడదని అప్పుడు అర్థమైంది.

తలెత్తి చూశాడు. పెద్దాయన చిన్నక్కతో ఇంకా అతని చెవి సంగతే చెబుతున్నాడు. అంత పొగడ్త మధ్యలో నోరు పెగల్లేదు. డబ్బీ తీసేశాడు, మామూలు రబ్బరు వాల్వు బిగించాడు, గబగబా అతుకు వేశాడు. లైటు ఇంకా వెలుగుతోందేమని పెద్దాయన అడిగితే, "పోంగ పోంగ అదే ఆరిపోతది సారూ, దాన్ని పట్టించుకోవద్దు" అన్నాడు.

ఆ సాయంత్రం కొత్తగూడెం నుంచి వచ్చిన లారీ డ్రైవరు హోటల్లో చెప్పాడు, అడవి మలుపులో కరెంటు కారు నల్లమద్ది చెట్టును గుద్దిందని, నడిపే మనిషి పోయాడని. ఏ రంగు బండి అని చిన్నక్క అడగబోతుంటే రూప్‌సింగ్ టీ సగంలో వదిలి లేచాడు. మర్నాడు బస్సెక్కితే గంటలో కొత్తగూడెం. పోలేదు. అడిగితే తెలిసిపోతుందని ఎవరినీ అడగలేదు. అప్పటి నుంచి పచ్చ ప్లేటు బండి కనబడితే నిలబడి చూస్తాడు, లోపల పెద్దాయన ముఖం కోసం. ఏడాదిగా ఆ ముఖం రాలేదు. బండ్లు మాత్రం చప్పుడు లేకుండా వస్తూనే ఉన్నాయి. వంగి పనిలో ఉన్నప్పుడు వెనక నుంచి ఒకటి పోతే, పోయాక వీపు మీద గాలి తగిలి తెలుస్తుంది.

మధ్యాహ్నం సద్ది తెచ్చిన ద్వాలి తమ తండా మాటలో దెప్పింది. మనవాళ్ల దయ్యమైతే వేపమండతో తనే దింపేదట, కరెంటు దయ్యానికి మంత్రం ఎక్కడ తేవాలట. అతను రొట్టె తిని గిన్నె ఆమె ముందుకు తోశాడు.

ఆమె గిన్నెలు సర్దుకుని వెళ్లాక నీలం రంగు కారొకటి రోడ్డు దిగింది. పచ్చ ప్లేటు. డ్రైవరు కుర్చీలో ఎవరో ముప్పై ఏళ్ల మనిషి. పేరు రమణ అట, కిరాయికి బండి నడుపుతాడట. వెనక కుడి చక్రానికి లైటు పడింది, జల్దీ కావాలన్నాడు. రూప్‌సింగ్ చెంప తడుపుకున్నాడు. మేకు లేదు, రిమ్ము అంచున గాలి జారుతోంది. విప్పాల్సిందే. వాల్వు ఎక్కడుందో వేలితో తడిమి చూసుకుని, దానికి సరిగ్గా ఎదురు వైపు లివరు పెట్టాడు.

"ఈ సంగతి మస్తుమందికి తెల్వదన్నా. నీకెవరు నేర్పిన్రు?" అన్నాడు రమణ.

రూప్‌సింగ్ లివరు తొక్కాడు.

ఇంతలో వెనక సీట్లోంచి ఒకావిడ దిగి చిన్నక్క బల్ల మీద కూర్చుంది. మంచినీళ్లడిగింది. ఆ గొంతు రూప్‌సింగ్ చెవికి తెలుసు. ఆ చెవి ఇప్పటిదాకా ఏదీ పొరపడలేదు. పొరపడితే బాగుండునని మొదటిసారి అనుకున్నాడు.

"రాముల వారి దర్శనానికా అమ్మా?" చిన్నక్క అడుగుతోంది.

"కాదండీ. ఆయన సంవత్సరీకం. గోదావరి ఒడ్డున చేస్తున్నాం."

చిన్నక్క ఇంకేదో అడిగింది. ఆవిడ అడవి వైపు చెయ్యి చూపించింది, ఆ మలుపులో, అంది. అంతే.

రూప్‌సింగ్ రిమ్ము అంచు గీకి శుభ్రం చేశాడు, టైరు ఎక్కించాడు, గాలి నింపాడు. చక్రం బిగించి, ఒక్కో నట్టునూ రెండేసి సార్లు పట్టి చూశాడు. లోపల లైటు ఆరిందని రమణ కేకేశాడు. రూప్‌సింగ్ చేతులు కడుక్కోలేదు. రోడ్డు దాటి వెళ్లి ఆవిడ ముందు నిలబడ్డాడు.

"అమ్మా, నిరుడు ఆ లైటు ఆరిందా?"

హైమ అతని ఒరిగిన తల వంక చూసింది. పోల్చుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఆరలేదు. ఆరుతుందని నువ్వన్నావుగా. దాన్ని చూసి నవ్వుతూనే నడిపారు. చక్రంలో గాలి మళ్లీ దిగిపోయింది, మాకు తెలీలేదు. తెలిసేసరికి చెట్టు ముందుంది."

"అందులో డబ్బీ నేనే పగలగొట్టిన. చెప్పలే. సారు నన్ను అంతగనం మెచ్చుకుంటుంటే నోరు రాలేదమ్మా."

రమణ కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. హైమ లేచి, చీర కుచ్చిళ్లు సవరించుకుని, మెల్లగా రోడ్డు దాటి కారెక్కింది. రూప్‌సింగ్ వెనకే వెళ్లి అద్దం పక్కన నిలబడ్డాడు. ఆవిడ అతని వైపు తిరిగింది.

"అప్పుడు చెప్పుంటే ఆయన ఇంటికొచ్చేవారు. ఇప్పుడు చెప్తే నీకు నిద్ర పడుతుంది, అంతే."