అత్తయ్య మాట, మిషన్ చెవి

నాకు ముక్కు మీద కోపం. అందుకే ఆఫీసులో నన్ను పంతులమ్మ అంటారు, నేను పక్కన లేనప్పుడు. ముఖం మీదే అనే ధైర్యం ఒక్క నత్తకే ఉంది. నత్త అంటే నా పక్క కుర్చీలో కూర్చునేవాడు. నాలుగు మాటలు టైపు చేయడానికి కాఫీ చల్లారేంత సేపు తీసుకుంటాడు కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను.

డయాలసిస్ కోసం ఆస్పత్రికి వెళ్ళాల్సినవాళ్ళు ఫోన్ చేస్తే మిషనే మాట్లాడి బండి పంపించాలి. అదీ మా పని. వినపడిన శబ్దాన్ని మాటలుగా మార్చేది వేరేవాళ్ళు. ఆ మాటల్లోంచి ఎవరు, ఎక్కడికి, ఎప్పుడు అన్నది తేల్చేది నేను రాసిన వ్యాకరణం. మొదటి మాట నుంచి చివరి మాట దాకా వాక్యం ఆ వ్యాకరణానికి అతికితేనే మిషన్ ఒప్పుకుంటుంది. ఒక్క మాట మిగిలినా ‘క్షమించండి, మళ్ళీ చెప్పండి’ అంటుంది. కావాలనే అలా పెట్టాను. సగం సగం అర్థం చేసుకుని బండిని ఇంకో వీధికి పంపిస్తే ఆ రోగికి ఎవరు దిక్కు?

“అతికిన ముక్కలు తీసుకుని, ‘అవునా’ అని తిరిగి అడిగితే సరిపోదా?” అని నత్త మొదటి నుంచీ పోరుతూనే ఉన్నాడు.

“ఇవేమన్నా టమాటాలా ఏరుకోవడానికి?” అని నోరు మూయించేదాన్ని.

పైగా పరీక్షల్లో మా మిషన్ ఏనాడూ తడబడలేదు. గాజు గదిలో తలుపు వేసుకుని, మేమే ఒకరి తర్వాత ఒకరం కాగితం చూసి చదివేవాళ్ళం: ‘నాకు రేపు ఉదయం తొమ్మిది గంటలకు ఆస్పత్రికి వెళ్ళడానికి బండి కావాలి.’ ఆ వాక్యాలు రాసిందీ నేనే. తడబడమన్నా ఎందుకు తడబడుతుంది?

ఇక ఒక్క రోజే మిగిలింది. మర్నాటి నుంచి ఆ ఫోన్ దగ్గర మనుషులుండరు, మిషనే. మా మావయ్యకు డయాలసిస్ కూడా మర్నాడే. ఒక్కసారి తప్పితే ఆయనకు కాళ్ళు పొంగుతాయి, ఊపిరాడదు. నేనూ మా ఆయనా పొద్దున్నే ఉద్యోగాలకు పోతాం కాబట్టి బండికి ఫోన్ చేసేది అత్తయ్యే. “ఊరికే ఒకసారి ఈ నంబరుకు చేసి చూడండత్తయ్యా” అన్నాను గొప్పగా. మధ్యాహ్నం టీ వేళకు అందరం స్పీకరు చుట్టూ చేరాం.

“ఆఁ, హలో... బండి కావాలమ్మా, రేపు... కాదు కాదు, ఎల్లుండి కదూ... ఏవండీ, ఎప్పుడూ?... ఆఁ, రేపే, తొమ్మిదింటికి, ఆయన్ని... అబ్బ, ఆ చొక్కా కాదండీ... ఆస్పత్రికి.”

“క్షమించండి, మళ్ళీ చెప్పండి.”

మళ్ళీ చెప్పింది. ఈసారి మావయ్య మోకాళ్ళ నొప్పి కూడా వచ్చి చేరింది. మిషన్ మళ్ళీ క్షమించమంది. ఇంకోసారి చెప్పేసరికి అత్తయ్య గొంతు చిన్నబోయింది.

“నాకే సరిగ్గా చెప్పడం రావట్లేదు తల్లీ, ఏమీ అనుకోకు. పోనీలే, ఆయన్ని నేనే మెల్లగా నడిపించుకుని వెళ్తాలే.”

ఫోన్ పెట్టేసింది. మెట్లు దిగడానికే ఇద్దరు పట్టుకోవాల్సిన మనిషిని నడిపించుకుని వెళ్తుందట! వచ్చిన కోపమంతా నా మీదే వచ్చింది. మావయ్యకైతే నేనే ఏదో ఒక బండి మాట్లాడగలను. ఇంట్లో నాలాంటి కోడలు లేనివాళ్ళ గతేమిటి? నత్త ‘నేను చెప్పలేదూ’ అనలేదు. ఆ మంచితనం మర్చిపోను.

“నీ ముక్కలేవో పట్టుకురా” అన్నాను.

నత్త కుర్చీ లాక్కున్నాడు. “నీ వ్యాకరణం ఎక్కడికీ పోదు పంతులమ్మా. వాక్యం మొత్తం అతకాలన్న పట్టు ఒక్కటి వదులు. ‘రేపే తొమ్మిదింటికి’ అతికిందా? ‘ఆస్పత్రికి’ అతికిందా? అవి చాలు.”

“మరి ఎల్లుండి?”

“మనిషి మాట మార్చుకుంటే చివర చెప్పిందే పట్టుకుందాం. అదీ తప్పు కావచ్చు. అందుకే తిరిగి అడుగుదాం. అవునంటేనే బండి కదులుతుంది.”

“చొక్కా?”

“చొక్కా మనకెందుకు? ఆయన చూసుకుంటాడు.”

నవ్వొచ్చింది. పని మాత్రం నవ్వుతూ సాగలేదు. రెండుసార్లు అరిచాను, ఒకసారి అలిగాను. సాయంత్రం అందరూ సంచులు సర్దుకునే వేళకు అత్తయ్య రికార్డింగు మళ్ళీ వినిపిస్తే, మిషన్ రేపనీ తొమ్మిదనీ ఆస్పత్రనీ చక్కగా పట్టుకుంది. అయినా రికార్డింగు వేరు, మనిషి వేరు. ఇంటికి వెళ్ళి, ఇంకొక్కసారి చేయమని అత్తయ్యను బతిమాలుకున్నాను.

పొద్దున్నే నేనూ నత్తా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాం. అత్తయ్య సెల్ నంబరు, దాని పక్కనే మా ఇంటి చిరునామా తెర మీదికి వచ్చాయి.

“ఆఁ, హలో... నేనేనమ్మా, నిన్న చేశానే... ఇవాళే, తొమ్మిదింటికి... ఉండండి, ఆ గుండీ నేను పెడతా... ఆస్పత్రికి, ఆయన్ని.”

వాల్యూము పెంచాను.

“ఇవాళ తొమ్మిది గంటలకు మీ ఇంటి నుంచి ఆస్పత్రికి బండి కావాలి. అవునా?”

“అవునమ్మా, అవునవును!”

“బండి పంపుతున్నాం.”

ప్రాణం లేచొచ్చింది. నత్త వీపు మీద ఒక్కటి చరిచాను, పాపం దగ్గాడు. అత్తయ్య మాత్రం ఫోన్ పెట్టలేదు.

“చల్లగా ఉండు తల్లీ. ఇంత పొద్దున్నే పనిలో కూర్చున్నావు, ఏమన్నా తిన్నావా?”

“క్షమించండి, మళ్ళీ చెప్పండి.”

“తిన్నావా అంటున్నా! మా కోడలూ ఇంతే, ఏమీ తినకుండా పరిగెత్తింది.”

“దీనికీ ఏదన్నా రాద్దామా?” అన్నాడు నత్త.

“అక్కర్లేదు. దీనికి జవాబు నేను చెప్తా.”

బండి వచ్చే వేళ దాకా ఆగి ఫోన్ చేశాను. వెనకాల ఇంజను చప్పుడు వినిపించింది.

“అత్తయ్యా, నేను తిన్నాను...”

“ఎక్కేశామమ్మా! ఆ డ్రైవరు ఆయన్ని ఇలా పట్టుకుని... మెల్లగా... ఇదిగో, అప్పుడే సందు దాటి... హమ్మయ్య, నేనింక...”

ఆవిడ ఏ వాక్యమూ పూర్తి చేయలేదు. నేనూ చేయమనలేదు.