లచ్చవ్వను మగ్గం ముందు కూర్చోబెట్టిన రోజు

చేతిలో కాగితాలున్న కొత్త మనిషి కొత్తవాడ గల్లీలోకి వస్తే చేయవలసిన పనులు ఇవి. మొదట చూసినవాళ్లు పక్కింటికి కేకేయాలి. ఖాళీగా ఉన్న మగ్గం ముందు ఎవరినో ఒకరిని కూర్చోబెట్టాలి. జబ్బు మనిషి పడుకునే మంచం లేపి గోడకు నిలబెట్టాలి. మందు సీసా పొయ్యి చాటున దాచాలి. వచ్చినవాడు ఏమడిగినా "అంత మంచిగనే ఉన్నం" అనాలి.

ఆడే మగ్గానికే చేనేత సొసైటీ నూలు ఇస్తుంది. ఆగిన మగ్గం పేరు కొట్టేస్తుంది. కిందటేడు ఒకడు టీకాల మనిషినంటూ వచ్చి, ఇంటింటా మంచిచెడ్డలు అడిగి పోయాడు. నెల తిరక్కుండానే రెండిళ్లకు నూలు బందయింది. అప్పటి నుంచి ఆ వాడకు ఎవరి మీదా నమ్మకం లేదు.

పందొమ్మిది వందల అరవై మూడో సంవత్సరం, కార్తీక మాసం. గల్లీ మొగదల సైకిల్ దిగిన మనిషిని చూసి పక్కింటి బక్కమ్మ అరిచింది. "ఓ సరోజనా! ఖాకీ సంచోడు వస్తాండే!"

సరోజన గబగబా అత్తను లేపింది. లచ్చవ్వకు మూడు నెలలుగా జ్వరం, దగ్గు. ఇద్దరు కూర్చుని నేసే జంపఖానాను ఇప్పుడు కోడలొక్కతే నేస్తోంది. అత్తను మగ్గం ముందు కూర్చోబెట్టి, చేతికి నూలు అందించి, కొంగు సరిచేసింది.

"జర ఓర్చుకో అత్తమ్మా. దగ్గు రానియ్యకు."

"వాడు పోయేదాంక ఊపిరే పీల్వ తియ్యి," అంది లచ్చవ్వ.

వచ్చినాయన సత్యనారాయణ, పింఛను పుచ్చుకున్న హవల్దారు. "హనుమకొండల సిపాయిల బోర్డు నుంచి వచ్చిన. సిద్దిరాములు ఇల్లు ఇదేనా?"

పట్టాళంలో ఉన్న భర్త పేరు వినగానే సరోజన గడప దాటి ముందుకొచ్చింది. "ఏమైంది సార్ ఆయనకు?"

"ఏం కాలె. ఇంట్ల ఎట్లున్నరో కనుక్కుందామని."

ఏమీ కాకపోతే హనుమకొండ నుంచి సైకిల్ తొక్కుకుంటూ ఎందుకొస్తాడు? ఎట్లున్నారని అడగడానికి సర్కారు మనిషి ఇంటికి రావడం సరోజన పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. సిద్దిరాములు పేరు కూడా సొసైటీవాళ్లే చెప్పి పంపి ఉంటారు.

"అత్తకు పాణం ఎట్లుంది?"

"చూస్తలేరా? నేస్తాంది."

"దవాఖానకు ఎవరు తీస్కపోతరు?"

"బీమారే లేనోళ్లకు దవాఖాన ఎందుకు సార్?"

"తక్లీఫ్ ఏమన్న ఉంటే చెప్పమ్మా."

"చెప్తే ఏం జేస్తరు?"

"అది ముందు చెప్పద్దని మాకు ఆర్డర్. చెప్తే అందరు ఒక్కతీర్గనే ఏడుస్తరు."

ఆ మాటతో ఆమె అనుమానం గట్టిపడింది. ఎందుకో చెప్పకుండా అడిగేవాడికి నిజం ఎందుకు చెప్పాలి?

"అంత మంచిగనే ఉన్నం సార్."

ఆయన రాసుకుని వెళ్లాడు. లచ్చవ్వ మగ్గం మీదికే వాలిపోయి చాలాసేపు దగ్గింది.

నాలుగో రోజు సిద్దిరాములు ఉత్తరం వచ్చింది. "అమ్మ బీమారి గురించి దరఖాస్తు పెట్టిన. నిజమో కాదో చూడ బోర్డు మనిషి వస్తడు. ఉన్నదున్నట్టు చెప్పు. ఆయన రాసిందాన్ని బట్టి నన్ను ఆరు నెలలు సికింద్రాబాద్‌కు మారుస్తరు. లేకుంటే ఇరవయ్యో తారీఖు కంపెనీతోని చైనా సరిహద్దు కాడి నేఫా కొండలకు పోవుడే. మంచు పడ్డదంటే ఎండకాలం దాంక తొవ్వ ఉండది."

లచ్చవ్వ ఎండాకాలం చూడదని దవాఖానలో చెప్పిన సంగతి సరోజన ఒక్కతికే తెలుసు. తల్లికి కొడుకు కడసారి చూపు దక్కకుండా చేసింది తానే. చెప్పులు కూడా తొడుక్కోకుండా హనుమకొండ బోర్డు ఆఫీసుకు నడిచింది.

అత్తకు టీబీ అని ఆమె చెప్పగానే సత్యనారాయణ ఎగాదిగా చూశాడు. "నాలుగొద్దుల కింద జంపఖానా నేసిన ముసలమ్మకు ఇయ్యాల టీబీ వచ్చిందా? ఉత్తరం అందినట్టుంది."

"అందింది సార్."

"అందరిండ్లల్ల ఉత్తరం వచ్చినంకనే బీమార్లొస్తయి."

"మిమ్ముల సొసైటీ మనిషనుకున్నం సార్. నూలు బందయితదని జబ్బుమనిషిని కూసోబెట్టిన. తప్పు నాది. నా మాట నమ్మకుండ్రి. ఇప్పుడే పోయి మీ కండ్లతోని చూడుండ్రి. నేను ఈన్నే కూసుంట, మీకన్న ముందుగాల పోయి ఏం సర్ద."

ఆ చివరి మాటకు ఆయన లేచి సైకిల్ తీశాడు.

బెంచీ మీద కూర్చున్నాక సరోజనకు మరో భయం పట్టుకుంది. ఖాకీ సంచి చూసి బక్కమ్మ మళ్లీ కేకేస్తే? అత్త తనంతట తానే లేచి నేయడం మొదలుపెడితే?

రెండు గంటల తర్వాత ఆయన చెమటలు కక్కుతూ వచ్చాడు. "మీ గల్లీల ఎవరో కేకేసింది. ముసలమ్మ లేచి మగ్గం దాంక పాక్కుంట పోయింది. ఆడ్నే పడ్డది. నేనే ఎత్తి మంచంల పండవెట్టిన." కుర్చీలో కూలబడ్డాడు. "మొదటి రిపోర్టు ఎన్నడో పోయింది. అది తప్పని ఇప్పుడు నేనే టెలిగ్రాం కొట్టాలె. మాట పడుత గని, కొడ్త."

సిద్దిరాములు సికింద్రాబాద్ వచ్చాడు. ఆదివారం ఆదివారం ఇంటికొచ్చేవాడు. మాఘమాసంలో లచ్చవ్వ కొడుకు చేతి నీళ్లు తాగి కన్నుమూసింది.

దినాలు అయిపోయినా అతను సరిగా తినలేదు. కంపెనీ మాటెత్తితే లేచి బయటికి పోయేవాడు. తల్లి పోయిన దుఃఖం ఒక్కటే కాదని సరోజనకు అనుమానం వచ్చింది.

"నాకాడ ఏందో దాస్తాండవు."

అప్పుడు చెప్పాడు. "కంపెనీల ఒక్క మనిషి తక్కువ కావద్దు. నా జాగల పాండురంగం పోయిండు. నర్సంపేటోడు. ఇంట్ల అందరు మంచిగనే ఉన్నరని వానికి దరఖాస్తే లేదు. పోయిన నెల వాళ్ల పహరా చౌకీ మీద మంచుకొండ విరిగి పడ్డదట. వాడు దొరకలె."

సరోజన ఆ మనిషిని ఎన్నడూ చూడలేదు. అతని తల్లి పేరు కూడా తెలియదు. తన అత్తకు దక్కిన నీళ్లచుక్క ఎవరి తల్లికి దక్కకుండా పోయిందో ఆలోచిస్తూ ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

ఇది చదివినవారు మిగిలినవాళ్లను మరిచిపోయినా సరే. నర్సంపేట పాండురంగాన్ని మాత్రం గుర్తుపెట్టుకోండి.